ప్రార్థన ఆపలేకపోతున్న మా అమ్మాయికి ఎలాంటి కౌన్సెలర్ కావాలి?

ప్రశ్న: పదహారేళ్ల అమ్మాయి తండ్రి

మా అమ్మాయికి 16 ఏళ్లు. మాది నిత్యం ప్రార్థన చేసుకునే కుటుంబం. ఏ మతమో ఇక్కడ చెప్పడం లేదు. చెబితే చర్చ అమ్మాయిని వదిలేసి మతం మీదికి మళ్లుతుందని నా భయం. ఏడెనిమిది నెలల క్రితం తను ప్రార్థనలో ఎక్కువసేపు గడుపుతోందని గమనించినప్పుడు మేము సంతోషించాము, బంధువుల దగ్గర కాస్త గొప్పగా కూడా చెప్పుకున్నాము. తను ఎక్కువసేపు ప్రార్థించడం లేదనీ, ఒకే ప్రార్థనను మళ్లీ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటోందనీ మాకు ఆలస్యంగా తెలిసింది. ఒక మాట తడబడినా, మధ్యలో రాకూడని ఆలోచన ఏదైనా మనసులో మెదిలినా అప్పటిదాకా చేసినదంతా చెల్లదని తన నమ్మకం. ఉదయం గంటన్నర ఇలాగే పోతుంది. రెండు పరీక్షలకు ఆలస్యంగా వెళ్లింది. రాత్రి మేము పడుకున్నాక తలుపు దగ్గరికి వచ్చి, "నాన్నా, నాకు వచ్చిన ఆలోచన పాపం కాదు కదా?" అని అడుగుతుంది. కాదమ్మా అంటే వెళ్లిపోతుంది, పావుగంటకు మళ్లీ వస్తుంది.

ఇప్పటికి ఇద్దరిని సంప్రదించాము. మొదట మా మతపెద్ద ఒకరిని కలిస్తే, శ్రద్ధ చాలకనే మనసు చెదురుతోందని చెప్పి, పడుకునే ముందు మరొక ప్రార్థన చేర్చమన్నారు. ఇప్పుడు తను దానిని కూడా పదిసార్లు మొదలుపెడుతోంది. తరువాత ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకువెళ్లాము. ఆయన అరగంటలోనే, ఇవన్నీ పెద్దవాళ్లు నూరిపోసిన భయాలనీ, కొన్నాళ్లు ప్రార్థన పూర్తిగా మానేసి చూడమనీ అన్నారు. ఆ మాటలు కూర్చుని విన్నందుకే తనకు పాపం అంటుకుందని అమ్మాయి రెండు రోజులు ఏడుస్తూనే ఉంది. ఇక ఏ కౌన్సెలర్ దగ్గరికీ రానంటోంది.

మన మతం వాళ్లైతేనే తన బాధ అర్థమవుతుందని నా భార్య అంటోంది. 20 ఏళ్ల మా అబ్బాయి సరిగ్గా దానికి వ్యతిరేకంగా వాదిస్తున్నాడు. వాడు ఏడాదిగా మాతో ప్రార్థనకు కూర్చోవడం మానేశాడు, అది వేరే గొడవ. నేను అడిగేది ఒక్కటే. విశ్వాసాన్ని గౌరవిస్తూనే దాని చాటున ఉన్న బాధను గుర్తుపట్టగల మనిషిని ఎలా పోల్చుకోవాలి?

జవాబు: కౌన్సెలర్‌గా పనిచేస్తున్న సభ్యురాలు

అయ్యా, మీ అమ్మాయిని చూడకుండా ఇది ఫలానా అని నేను చెప్పకూడదు, చెప్పను. అయితే మీరు వర్ణించిన తీరు నా దగ్గరికి వచ్చే పిల్లలలో చాలాసార్లు చూసినదే కాబట్టి, నిపుణులు తప్పకుండా పరిశీలించవలసిన ఒక అవకాశాన్ని మీ ముందు పెడతాను. ఓసీడీ అని అందరూ వినే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ ఎప్పుడూ చేతులు కడుక్కోవడంగానో, తాళం సరిచూసుకోవడంగానో మాత్రమే కనిపించదు. కొందరిలో అది పాపభీతి వేషం వేసుకుంటుంది. దానికి స్క్రూప్యులాసిటీ అని పేరు. లాటిన్‌లో స్క్రూప్యులస్ అంటే చిన్న పదునైన రాయి. చెప్పులో రాయి ఎంత బాధ పెడుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ బాధ కొత్తదీ కాదు, ఏ ఒక్క మతానిదీ కాదు. కాథలిక్ క్రైస్తవుల జెసూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1522లో స్పెయిన్ దేశపు మన్రేసాలో ఉన్న రోజులలో, ఒకసారి ఒప్పుకున్న పాపాలనే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ, ఇంకా ఏదో మిగిలిపోయిందన్న శంకతో నలిగిపోయి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లారు. ముస్లిం సంప్రదాయంలో ఇటువంటి శంకలకు వస్వాస్ అనే పేరుంది. 934లో మరణించిన పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ శరీరారోగ్యంతో పాటు మనసు ఆరోగ్యం గురించి రాసినప్పుడు వీటిని ప్రత్యేకంగా చర్చించారు. మన భాషలో చాదస్తం అనే మాట ఉంది గానీ, అది ఎగతాళికి వాడే మాట అయిపోయింది కాబట్టి మీ ఇంట్లో దానిని దయచేసి వాడకండి.

మీరు కలిసిన ఇద్దరూ పరస్పర విరుద్ధమైన సలహాలు ఇచ్చినట్టు కనిపిస్తున్నా, నా దృష్టిలో వారు చేసిన పొరపాటు ఒకటే. ఒకరు ప్రార్థన పెంచమన్నారు, ఇంకొకరు మానమన్నారు. మళ్లీ మొదటికి వెళ్లకపోతే ఏమవుతుందని నీకు భయమమ్మా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. భక్తితో ప్రార్థించినవారికి ప్రార్థన ముగిశాక ఎంతోకొంత నెమ్మది కలుగుతుంది. ఓసీడీలో ఆ ముగింపు రాదు, చేసినకొద్దీ అనుమానం పెరుగుతుంది. ఒక్క ప్రశ్నతో బయటపడే తేడా ఇది.

ఓసీడీ అని తేలితే, దానికి బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి ఉంది. 1966లో విక్టర్ మేయర్ ప్రచురించిన పని నుంచి పెరిగిన ఆ పద్ధతిని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనీ, పొట్టిగా ఈఆర్‌పీ అనీ అంటారు. భయం పుట్టించే సందర్భాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, ఆ భయాన్ని అణచడానికి అలవాటుగా చేసే పనిని చేయకుండా ఉండడం అందులో కీలకం. మీ అమ్మాయికి దాని అర్థం ప్రార్థన మానడం కాదు. మాట తడబడినా వెనక్కి వెళ్లకుండా ముందుకు సాగి, ఒక్కసారికే ముగించి, తరువాత కలిగే ఆందోళన దానంతట అదే తగ్గేదాకా ఓర్చుకోవడం. విశ్వాసానికి విరుద్ధమైన పని ఏదీ తనతో చేయించనవసరం లేదు. సామాన్య విశ్వాసికి మీ మతం నిజంగా విధించేది ఎంతో తెలుసుకోవడానికి, కుటుంబం అనుమతిస్తే, నేను వారి మతబోధకులతో కూడా మాట్లాడతాను. బాధ తీవ్రంగా ఉన్నప్పుడు సైకియాట్రిస్టు మందులు కూడా సూచించవచ్చు. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

మీకు కాస్త కష్టంగా అనిపించే మాట ఒకటి ఉంది. రాత్రి మీరు చెప్పే "కాదమ్మా" కూడా ఇప్పుడు ఆ చక్రంలో భాగమైంది. తనకు వచ్చే ఊరట పావుగంటే కాబట్టి మళ్లీ వస్తుంది. అలాగని రేపటి నుంచి హఠాత్తుగా నోరు కట్టేసుకోకండి, అది తనకు శిక్షలా తోస్తుంది. చికిత్స మొదలైన తరువాత, అమ్మాయితో ముందే అనుకుని, మెల్లగా తగ్గించవలసిన విషయమది.

ఇక ఎంపిక. మతం ఒకటా కాదా అన్నది రెండో ప్రశ్న. ముందుగా ఫోన్‌లో, ఓసీడీ ఉన్న పిల్లలకు ఈఆర్‌పీ చేసిన అనుభవం ఉందా అని అడగండి. తరువాత, మా అమ్మాయికి విశ్వాసం ముఖ్యం, ఆ సంగతి వచ్చినప్పుడు మీరేం చేస్తారు అని అడగండి. "నాకు అన్ని మతాలూ సమానమే" అనే జవాబు వినడానికి బాగుంటుంది గానీ అందులో ఏమీ లేదు. "తనకు ఏది ముఖ్యమో, ఎందుకు ముఖ్యమో తననే అడిగి తెలుసుకుంటాను" అన్నవారి దగ్గర ఆగండి. ఇలా అడగడానికి పద్ధతులు కూడా ఉన్నాయి: 1996లో క్రిస్టీనా పుచాల్‌స్కీ రూపొందించిన ఫికా అనే ప్రశ్నల వరుసలో నీకు విశ్వాసం ఉందా, అది నీ జీవితంలో ఎంత ముఖ్యం, నీకు అండగా ఒక సమూహం ఉందా, దీనిని నేను చికిత్సలో ఎలా పట్టించుకోవాలని కోరుకుంటావు అని నాలుగు వైపుల నుంచి అడుగుతారు. నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే నిర్ణయం అక్కడ వచ్చినవారి చేతికి వెళుతుంది.

జవాబు: 23 ఏళ్ల సభ్యుడు

నాది మీ అబ్బాయి వైపు కథ కాబట్టి రాస్తున్నాను. 19 ఏళ్లప్పుడు నాకు నమ్మకం పోయింది. ఇంట్లో చెప్పలేక, చెప్పకుండా నటించలేక, నిద్ర పట్టక రెండు చోట్ల కౌన్సెలింగ్‌కు వెళ్లాను. మొదటివారు మా మతానికి చెందినవారే. నేను వాక్యం పూర్తి చేయకముందే నా సందేహాలకు సమాధానాలు ఇవ్వడం మొదలుపెట్టారు, అవన్నీ నేను చిన్నప్పటి నుంచి విన్న సమాధానాలే. అంతకంటే బాధ కలిగించినది, వారం తిరగకముందే మా ఇంట్లో అందరికీ విషయం తెలిసిపోవడం. ఒకే సమూహంలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే అయినప్పుడు, రహస్యం దాచడమనేది కౌన్సెలర్ మంచితనం మీద మాత్రమే ఆధారపడకూడదు. మాటలు బయటికి పోకుండా వారు ఏం జాగ్రత్త తీసుకుంటారో ముందే అడగాలి.

రెండో వ్యక్తికి మా మతం గురించి ఏమీ తెలియదు. ప్రతి పదానికీ అర్థం అడిగేవారు. రుసుము నేను కట్టి, పాఠం కూడా నేనే చెబుతున్నానే అనిపించి నాకు నవ్వు వచ్చేది. అయినా ఆయన దగ్గరే ఏడాది కొనసాగాను. నేను నమ్మకం వదిలేశానని చెప్పినప్పుడు ఆయన అభినందించలేదు, జాలి పడలేదు. "అందులో నీకు ఏది లేకుండా పోయిందని బాధగా ఉంది?" అని అడిగారు. పాటలు, అందరం కలిసి కూర్చునే ఆ గంట, మా అమ్మ పక్కన నా చోటు అన్నాను. నాలుగేళ్లుగా నన్ను బాధిస్తున్నది సందేహం కాదనీ, ఆ చోటు పోతుందన్న భయమనీ నాకు ఆ రోజే తెలిసింది. ఇప్పుడు వారానికొకసారి అమ్మతో వెళ్లి కూర్చుంటాను. నమ్ముతున్నానా అని తను అడగదు, నేనూ చెప్పను.

మీ అబ్బాయి సంగతి వేరే గొడవ అన్నారు. బహుశా అంత వేరేది కాకపోవచ్చు. చెల్లెలికి ఏమవుతోందో వాడు మీ అందరికంటే ముందే గమనించి ఉంటాడని నా అనుమానం.

జవాబు: మరొక సభ్యుడు

మర్యాదగానే విభేదిస్తున్నాను. వైద్యానికి మతంతో పనేమిటి? ఎముక విరిగితే డాక్టరు మన విశ్వాసం అడగరు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1907లోనే మతాచరణలకూ మనోవ్యాధిలోని నిర్బంధ క్రియలకూ పోలిక చూపించాడు. విశ్వాసానికి చికిత్సగదిలో చోటిస్తే, విశ్వాసం పేరుతో పిల్లల మీద ఒత్తిడి తెచ్చేవాళ్లందరికీ తలుపు తెరిచినట్టే. పిల్లలను "సరిచేయడానికి" మతం పేరుతో నడిచే కౌన్సెలింగ్ ఎంత హాని చేసిందో అందరూ చూశారు.

జవాబు: కౌన్సెలర్‌గా పనిచేస్తున్న సభ్యురాలు

మీ చివరి వాక్యంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. ముందే నిర్ణయించిన చోటికి పిల్లలను నెట్టుకువెళ్లేది కౌన్సెలింగ్ కాదు, దానికి ఏ విశ్వాసం పేరు పెట్టినా సరే. అయితే అందుకు పరిష్కారం విశ్వాసం గురించి అడగకపోవడం కాదు. ఎముకకు విశ్వాసం లేదు, మనిషికి ఉంది. తన భయం అంతా పాపం అనే మాట చుట్టూ తిరుగుతున్న అమ్మాయి దగ్గర ఆ మాట ఎత్తకుండా చికిత్స చేయడం ఎలా సాధ్యం?

ఫ్రాయిడ్ తరువాత మా రంగం చాలా దూరం వచ్చింది. మానసిక రుగ్మతలను నిర్ధారించడానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే పుస్తకం డీఎస్ఎం. 1994లో వచ్చిన దాని నాలుగో కూర్పులో మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య అనే విభాగం చేరింది. విశ్వాసం కోల్పోవడం, మతం మారడం వల్ల కలిగే వేదన వంటివి అందులోకి వస్తాయి, వాటిని మానసిక రోగంగా లెక్కించరు. పైన రాసిన తమ్ముడి కథ సరిగ్గా అదే. 2013 నాటి ఐదో డీఎస్ఎంలో 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ ఉంది: నీ సమస్యను నువ్వు ఏ పేరుతో పిలుస్తావు, దానికి కారణం ఏమిటని నీవాళ్లు అనుకుంటున్నారు అని అది వచ్చినవారి మాటలతోనే మొదలవుతుంది. ప్రపంచ సైకియాట్రిక్ అసోసియేషన్ 2016లో ప్రచురించిన ప్రకటన రోగి విశ్వాసాలను సున్నితంగా అడిగి తెలుసుకోవడం అవసరమని చెబుతూనే, ఆధ్యాత్మిక దృక్పథాన్ని గానీ లౌకిక దృక్పథాన్ని గానీ ప్రచారం చేయడానికి వైద్యులు తమ స్థానాన్ని వాడుకోకూడదని చెప్పింది. ప్రశ్న అడిగిన తండ్రి గారు రెండోసారి కలిసిన కౌన్సెలర్ మీరినది ఈ రెండో సగాన్ని.

కెన్నెత్ పార్గమెంట్ బృందం తయారుచేసిన ఒక చిన్న ప్రశ్నావళిలో 14 వాక్యాలు ఉంటాయి. కష్టంలో విశ్వాసం మనిషికి ఊతమైన తీరును ఏడు, అదే విశ్వాసం బరువైన తీరును ఏడు కొలుస్తాయి. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, దేవుడు నన్ను వదిలేశాడు అన్న భావాలు రెండో ఏడులో పడతాయి. ఒకే వ్యక్తిలో రెండూ ఉండవచ్చు. విశ్వాసం మంచిదా చెడ్డదా అన్న వాదన కంటే, ఈ పిల్లలో ఈ నెలలో అది ఏ పని చేస్తోందన్న ప్రశ్న నాకు ఎక్కువ ఉపయోగపడింది.

జవాబు: మతబోధకుడిగా ఉన్న సభ్యుడు

నేను తండ్రి గారు మొదట కలిసిన పెద్ద స్థానంలో ఉన్నవాడిని. ఆయన చెప్పినట్టే నేనూ చెప్పేవాడిని. చాలా ఏళ్ల క్రితం ఒక యువకుడు దేనిమీదా ఆసక్తి లేదనీ, ప్రార్థన కూడా చప్పగా ఉందనీ నాతో చెబితే, మరింత శ్రద్ధగా చేయమని పంపించాను. అతనికి డిప్రెషన్ ఉందని మూడు నెలల తరువాత ఆసుపత్రిలో తెలిసింది. అదృష్టవశాత్తు బతికాడు. ఆధ్యాత్మికమైన మాటలతో లోపలి గాయాన్ని దాటవేయడాన్ని స్పిరిచువల్ బైపాసింగ్ అంటారని తరువాత చదివాను. 1984లో ఆ మాట వాడిన జాన్ వెల్‌వుడ్ స్వయంగా ధ్యానమార్గంలో ఉన్న మనస్తత్వవేత్త కావడం నన్ను ఆలోచింపజేసింది.

ఇప్పుడు పిల్లలు ఎవరైనా నా దగ్గరికి వస్తే, నిద్ర, ఆకలి, చదువు ఎలా ఉన్నాయో ముందు అడుగుతాను. అవి దెబ్బతిన్నాయంటే ఉపదేశం పక్కన పెట్టి నిపుణుల దగ్గరికి పంపిస్తాను, అవసరమైతే వెంట వెళతాను. చనిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు గానీ అది నిజం కాదు. అవునని చెబితే అది పాపమని ఆ క్షణంలో బోధించను. ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్య సహాయం అందేలా చూస్తాను. తండ్రి గారూ, మీ అమ్మాయిని కూడా ఎవరైనా ఈ ప్రశ్న అడగాలి. మీరే అడగవచ్చు.

ఇంకొక సంగతి. మీ మతంలో వివేకం ఉన్న బోధకులు ఒకరిని వెతికి, ఒక్కసారి చేసిన ప్రార్థన చాలునని వారి నోటి నుంచి అమ్మాయికి చెప్పించండి. అయితే ఆ మాట ఒక్కసారే చెప్పాలి. రోజూ ఫోన్ చేసి అడిగి చెప్పించుకోవడం మొదలైతే, రాత్రి మీ తలుపు దగ్గర జరిగేదే ఆ ఫోన్‌లో జరుగుతుంది.

జవాబు: పదహారేళ్ల అమ్మాయి తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడగడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. అడిగితే, లేదని చెప్పింది. "నాకు అలసిపోయినట్టుంది నాన్నా" అంది. ఇన్ని నెలలలో ఆ మాట తన నోట రావడం అదే మొదటిసారి.

పైన తమ్ముడు రాసింది చదివి మా అబ్బాయితో కూర్చున్నాను. చెల్లెలు అర్ధరాత్రి దాకా ఫోన్‌లో వాడిని కూడా అదే ప్రశ్న అడుగుతోందట. నమ్మకం లేని అన్నయ్యను పాపం గురించి ఎందుకు అడుగుతోందని మేము ఆశ్చర్యపోతే, "నేను తిట్టనని దానికి తెలుసు" అన్నాడు. వాడి విషయం మేము ఇంకా మాట్లాడుకోలేదు. ఈసారి మాట్లాడితే వాదన పెట్టుకోనని మాత్రం నా భార్యకు మాట ఇచ్చాను.

ముగ్గురు కౌన్సెలర్లకు ఫోన్ చేశాము. ఇద్దరు మా మతంవారు, ఒకరు కారు. ఓసీడీకి ఈఆర్‌పీ చేసిన అనుభవం మూడో ఆవిడకే ఉంది. తనకు మా ప్రార్థనల గురించి తెలియదనీ, అమ్మాయి నుంచే తెలుసుకుంటాననీ, సందేహం వస్తే మేము సూచించిన బోధకులను అమ్మాయి అనుమతితోనే అడుగుతాననీ ఆవిడ చెప్పారు. నా భార్య మొదట సందేహించింది. చివరికి ఫోన్ అమ్మాయికే ఇచ్చాము. తను రెండే ప్రశ్నలు అడిగింది: నన్ను ప్రార్థన మానమంటారా, నేను చెప్పినవి అమ్మానాన్నలకు చెబుతారా. మొదటిదానికి ఆవిడ కాదన్నారు. రెండోదానికి, తన ప్రాణానికో, మరొకరికో ప్రమాదమని తోస్తే మాత్రం చెబుతాననీ, చెప్పే ముందు ఆ సంగతి తనకు చెబుతాననీ, మిగిలినది గదిలోనే ఉంటుందనీ, ఈ హద్దులను మొదటి రోజు మా ముందే మళ్లీ వివరిస్తాననీ అన్నారు. అమ్మాయి కాసేపు ఆలోచించి, ఒక్కసారి వెళ్లి చూస్తానంది.

వచ్చే గురువారం మొదటి సమావేశం. నన్ను బయటే కూర్చోమంది.